మేకు మీద మిగిలిన బిళ్ల

రాబర్ట్‌సన్‌పేట,
14 సెప్టెంబరు 2025, ఆదివారం.

ప్రియమైన నాగరత్నకు,

వినుత ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేను, మా నాన్న, కింద ధాన్యం అంగడి, దాని మీద మన సెంటరు గది, అందులో మిగిలిన పద్నాలుగు కంప్యూటర్లు, అందరం క్షేమం. నీ క్షేమం మాత్రం మీ నాయన ముఖం చూసి తెలుసుకుంటున్నాను. నీతో ఫోను మాట్లాడి నవ్వితే నువ్వు బాగున్నావని, తల గోక్కుంటే నీకు జలుబు చేసిందని అర్థం చేసుకుంటున్నాను. అవునే, మీ నాయన మళ్లీ సెంటరుకు వస్తున్నాడు. నీకు చెప్పలేదు కదూ? నేనే చెప్పొద్దన్నాను. నువ్వు కంపెనీ పని మీద పుణె వెళ్లిన ఈ రెండు నెలల్లో ఇక్కడ చాలా జరిగింది. రెండేళ్లుగా నా ఫోను ఎత్తనిదానివి, ఉత్తరం చించకుండా చదువుతావని నాకేం నమ్మకం లేదు. అయినా రాస్తున్నాను. ఇరవై రెండేళ్లు ఊరందరికీ కంప్యూటరు నేర్పినదానికి పెన్ను పట్టుకుంటే నాలుగు వరసలకే వేళ్లు లాగుతున్నాయి. నవ్వుకో, పరవాలేదు.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. పెయింటరు మునిశంకర్ వచ్చే వారం మనకు కొత్త బోర్డు రాస్తున్నాడు. ఫ్లెక్సు కాదు, రేకు మీద కుంచెతో. కింద రెండు పేర్లకు చోటు వదలమన్నాను. ఒకటి నాది. రెండోది నీది రాయించనా? నువ్వు రోజూ రానక్కర్లేదు, శనాదివారాలు వచ్చి ఒక్క పాఠం చెప్పినా చాలు, పేరు మాత్రం ఉండాలి. అది అడిగే అర్హత నాకుందో లేదో ఉత్తరం మొత్తం చదివాక నువ్వే తేల్చు.

సంగతి మొదటినుంచి చెప్తాను. నువ్వు వెళ్లాక మొదటి ఏడాది బింకంగానే గడిపాను. నీ పాఠాలు కూడా నేనే చెప్పాను. జావా చెప్పేటప్పుడు నువ్వు ఎక్కడ జోకు వేస్తావో నేనూ అక్కడే వేశాను, ఒక్కరూ నవ్వలేదు. రెండో ఏడాదికి మూడు బ్యాచులు ఒకటయ్యాయి. కొందరు పిల్లలు పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు సంస్థలకు పోతున్నారు, కొందరు ఫోనులోనే నేర్చేసుకుంటున్నారు. బజారు అంగళ్లకు మనం చేసిచ్చిన బిల్లింగు సాఫ్ట్‌వేరు, టమోటా మండీకి రాసిన తూకం చీటీల ప్రోగ్రాము, ఆ కన్సల్టెన్సీ పనులతోనే తలుపు మూతపడకుండా నెట్టుకొచ్చాను. పై గదిని బట్టల గోడౌనుకు ఇచ్చేద్దామని మా తమ్ముడు అన్నానికి కూర్చున్నప్పుడల్లా ఎత్తేవాడు. ఇంక ఆరు నెలలు చూస్తానని మా నాన్న శ్రీనివాసప్ప గడువు పెట్టాడు. నీకు తెలుసు కదా, మా నాన్న గడువు పెట్టాడంటే గోడకు మేకు కొట్టినట్టే.

అప్పుడు, జూన్‌లో, విఘ్నేశ్ అనే అతన్ని పిలిపించాను. బెంగళూరులో చిన్న కంపెనీలకు పేర్లు మార్చి, గుర్తులు గీసి, ప్రచారం చేసిపెట్టడం అతని పని. మంచివాడే పాపం, చెప్పులు మెట్ల దగ్గరే విడిచి వచ్చాడు. మన రత్న వినుత కంప్యూటర్స్ బోర్డు చూసి, నగల అంగడి అనుకున్నాను మేడమ్ అన్నాడు. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. మనం పెట్టిన మొదటి నెలలోనే ఒకామె ముక్కుపుడక మర బిగించమని మెట్లెక్కి వచ్చింది, గుర్తుందా? నువ్వు నిజంగానే బిగించి పంపావు.

విఘ్నేశ్ నెలన్నర వెతికి 'వినోరా టెక్‌స్పియర్' అనే పేరు తెచ్చాడు. అర్థమేమిటని అడిగితే, అర్థం లేకపోవడమే దాని గొప్పతనం మేడమ్ అన్నాడు. అందులో నీ రత్న పోయి నా విను మిగిలింది. అది నాకు కనబడలేదని రాస్తే అబద్ధం. కనబడింది. నోరు మూసుకున్నాను.

గోడలకు రంగు వేయడానికి లోపలి గది సామాను జరుపుతుంటే, గోనె సంచుల వెనక పెట్టిన మీ నాయన చెక్క బోర్డు విఘ్నేశ్ కంట పడింది. దాని మీద పందొమ్మిది ఇత్తడి బిళ్లలు వేలాడుతున్నాయి. ఇదేమిటని అడిగాడు, కూర్చోబెట్టి చెప్పాను. జయరామప్ప చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో, మనుషులు కిందికి దిగే షాఫ్టు పక్క టైమాఫీసులో బిళ్లలు చూసుకునేవాడని, కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న బిళ్లను మేకుకు తగిలించి దిగేవాడని, షిఫ్టయ్యాక పైకి వచ్చి తన చేత్తోనే దింపుకొని ఇంటికి పోయేవాడని. సాయంత్రం బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా ఒక మనిషి ఇంకా కింద ఉన్నాడని, అతను వచ్చేదాకా జయరామప్ప గేటు మూయనిచ్చేవాడు కాదని. గని మూతపడ్డాక ఆయన కూతురు, నేను కలిసి ఈ సెంటరు పెడితే, ఆయన ఆ పద్ధతే ఇక్కడా పెట్టాడని. చేరిన రోజు పిల్లలు బిళ్ల తగిలించాలి. ఉద్యోగం దొరికిన రోజు వచ్చి దింపుకోవాలి. కోర్సు అయిపోయినా సరే, బిళ్ల ఉన్నంతకాలం వచ్చి ఊరికే కూర్చుని నేర్చుకోవచ్చు, వాళ్ల బాధ్యత మనది. ఆయన రోజూ పొద్దున లెక్కబెట్టి బోర్డు మూలన సుద్దముక్కతో అంకె వేసేవాడని, సాయంత్రం మళ్లీ లెక్కబెట్టి అంకె కుదిరితేనే తాళం వేసేవాడని కూడా చెప్పాను.

పదకొండు బిళ్లల సంగతి మాత్రం చెప్పలేదు. నీకు గుర్తుచేయక్కర్లేదు. రెండేళ్ల కిందట ఆయుధపూజ అయిన శుక్రవారం. పూజకని ఇంటికి తీసుకెళ్లి చింతపండుతో తోమిన బిళ్లలను ఆయన ఆ పొద్దునే సంచిలో తెచ్చి తగిలించాడు. బెంగళూరు కంపెనీ వాళ్లు మధ్యాహ్నం మన సెంటరు చూడడానికి వచ్చారు. నువ్వు ఆవని ఊళ్లో రైతుల సంఘం పని మీద ఉన్నావు. సాయంత్రం నువ్వు వచ్చేసరికి ఆయన బోర్డు ముందు నిలబడి, పదకొండు తక్కువని, తాళం వేయనని అంటున్నాడు. మూలన సుద్ద అంకె కూడా లేదు. తోమేటప్పుడు ఇంట్లోనే పోయుంటాయి, లెక్కబెట్టడమే మరిచిపోయినట్టున్నాడు, వయసైంది కదా అని నేనన్నాను. ముప్పై ఏళ్లలో ఒక్క బిళ్ల పోగొట్టని మనిషి, నా చేతిలోనే పోయింటాయేమోలేమ్మా అని తల వంచుకున్నాడు. నువ్వు నా మాటకు కాదు, ఆయన తల వంచినందుకు వెళ్లిపోయావు. ఆ పదకొండూ ఇప్పుడు దొరికాయి. ఎక్కడ, ఎట్లా అన్నది ఆఖర్న రాస్తాను. ముందు నా ఘనకార్యం విను.

విఘ్నేశ్‌కు ఆ బోర్డు చూసి కళ్లు మెరిశాయి. ఇంత చరిత్ర పెట్టుకొని గోనె సంచుల వెనక దాస్తారా మేడమ్, దీన్నే మన ప్రచారం చేద్దామన్నాడు. పందొమ్మిది బిళ్లలు బోసిగా ఉన్నాయి, ఒక గోడ నిండా మూడు వందలు తగిలిద్దాం, ఒకటి నుంచి మూడు వందల దాకా నంబర్లు వేసి, ప్రతిదాని మీద వినోరా గుర్తు కొట్టిద్దామన్నాడు. ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించాడు. దీపాల వెలుగులో గోడంతా బంగారంలా ఉంది. బాగుందన్నాను.

నువ్వు ఉంటే అక్కడే నెత్తిన ఒకటి మొట్టేదానివి. నేను అంగడిదాన్ని కదే! చిన్నప్పటినుంచి మా ఇంట్లో నిండిన గోడే చూశాను. అరలో ఒక డబ్బా ఖాళీగా కనబడితే మా నాన్నకు ఆ పూట అన్నం సహించదు. మూడు వందల బిళ్లలు చూడగానే నా కంటికి సరుకు నిండిన అంగడి కనబడింది. వాటి అర్థం అరగంట ముందే నా నోటితో చెప్పాను, అయినా బొమ్మ చూసేసరికి మరిచిపోయాను. ఇరవై ఏళ్లు ఆ బోర్డు పక్కన కూర్చున్నదాన్ని, ఏం నేర్చుకున్నట్టు?

శ్రావణ శుక్రవారం పూజ చేసి కొత్త పేరు పెట్టాం. గోడ మెరిసింది. అదే ఫొటోతో మూడు చోట్ల పెద్ద ఫ్లెక్సులు కట్టించాం. ఒకటి మారికుప్పం స్టేషను బయట, ఒకటి బస్టాండులో, ఒకటి చాంపియన్ రీఫ్స్ దారిలో. 'మూడు వందల కలలు, ఒకే చోటు' అని కింద పెద్ద అక్షరాలు.

మొదట వచ్చినవాడు మునిశామప్ప. మీ గని కార్మికుల ఇళ్ల లైనులో చివరింటి ఆయన, గనిలో కొయ్య దూలాలు నిలబెట్టిన మనిషి. భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని, చావింటికి వచ్చినట్టు మెట్లెక్కి వచ్చాడు. గోడ వంక చూసి, ఇంతమంది ఇంగా లోపలే ఉండారామ్మా అని అడిగాడు. నేను నీళ్లిచ్చి, ఇది ప్రచారం అప్పా అన్నాను. తెల్సమ్మా, ఇది కంప్యూటరు అంగడని తెల్సు, అయినా రోడ్డు మీద ఆ బొమ్మ చూసినాక కాళ్లు నిలబడలేదు అన్నాడు. నీళ్లు కూడా తాగలేదు.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మన పాత స్టూడెంటు వసంత్ గుర్తున్నాడా, నూట పద్దెనిమిదో నంబరు, ప్రోగ్రాము రాసి సేవ్ చేయడం మరిచిపోయేవాడు? బెంగళూరు నుంచి చేశాడు. మేడమ్, నా బిళ్ల మళ్లా తగిలిచ్చినారంట గదా, మా యమ్మ స్టేషను కాడ చూసి అన్నం తినకుండా కూర్చోనుండాది, నా ఉద్యోగం పోలేదు మేడమ్, ఐడీ కార్డు ఫొటో పంపేదా అన్నాడు. నాలుగు రోజుల్లో ముప్పై మందికి నేను సంజాయిషీ చెప్పుకున్నాను. ఎవరో దండోరా వేసినట్టు వాట్సాప్‌లో ఆ ఫొటో ఊరంతా తిరిగింది.

కొత్తగా చేరడానికి ఒక్కరు రాలేదు. ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని మెట్ల దాకా వచ్చాడు. కిందనుంచే అన్నాడు, మూడునూర్ల మంది ఇంగా పైకి రాలేదని మీరే బోర్డు కట్టినారు గదమ్మా, మా బిడ్డను మూడునూట ఒకటోదాన్ని చేయాల్నా అని. మా నాన్న అంగట్లోనుంచి అంతా విని, తూకం రాళ్లు సర్దుకుంటూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. విఘ్నేశ్ అయితే ముఖం చిన్నబుచ్చుకుని, గోడంతా రేపే కూలీలతో పీకించేస్తానన్నాడు.

ఎందుకో ఆ మాటకు ఒప్పుకోలేకపోయాను. మంగళవారం పొద్దున మీ ఇంటికి వెళ్లాను.

మీ ఇంటి మెట్టు ఎక్కడానికి పావుగంట పట్టింది. మీ నాయన వాకిట్లో చాపేసుకుని మునగాకు దూస్తున్నాడు. తల ఎత్తి, వచ్చినావామ్మా, కూర్చో అన్నాడు, నిన్ననే వచ్చి వెళ్లినదాన్ని పలకరించినట్టు. నేనూ కూర్చుని ఆకు దూశాను. ఇంటి లోపల గోడకు ఒక్క మేకు, దానికి ఒక్క బిళ్ల. రెండో నంబరు. మనం సెంటరు తెరిచిన రోజు, మీకిద్దరికీ కూడా ఇంగా ఉద్యోగం లేదు గదమ్మా అని ముందు మన ఇద్దరి బిళ్లలే చేసి తగిలించాడు కదా, ఒకటి నీది, రెండు నాది. నీకు బెంగళూరులో పని దొరికాక ఒకటో నంబరు నీ చేత పెట్టాడని విన్నాను. నాది మాత్రం తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. గుర్తుగా ఉంచుకున్నాడేమో అనుకుని చూపు తిప్పుకున్నాను.

ఫ్లెక్సు కథ చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత పీకించేసే మాట చెప్తే నవ్వు ఆపేశాడు. కుప్పగా దింపేది కాదమ్మా, నంబరు వేసి తగిలిచ్చినాక ఎవురి బిళ్ల వాళ్లే దింపుకోవాల అన్నాడు. ఎందుకో చెప్పాడు. ఆయన ఆ పనిలో చేరకముందు, ఒకతను పైకి వస్తూ సాయం చేస్తున్నాననుకుని తోడివాడి బిళ్ల కూడా దింపేశాడట. బోర్డు ఖాళీ అయింది కదా అని గేటు మూసి అందరూ ఇళ్లకు పోయారు. ఆ తోడివాడు కాలు విరిగి, మరుసటి షిఫ్టు దిగేదాకా చీకట్లో ఒంటరిగా ఉన్నాడు. వాడు మన మునిశామప్పేనమ్మా, బిళ్ల లేకపోతే మనిషిని ఎతికేవాడుండడు అన్నాడు.

ఆగస్టు ముప్పై ఒకటి, ఆదివారం. ఒకటి నుంచి మూడు వందల దాకా నంబర్లున్నవాళ్లందరికీ ఎప్పుడో ఉద్యోగాలొచ్చాయి కదా, ఆ పాత స్టూడెంట్లందరూ వచ్చి మీ బిళ్ల మీ చేత్తో దింపుకోండి అని వాట్సాప్‌లో కబురు పెట్టాను. పాతికమంది వస్తే గొప్ప అనుకున్నాను. పొద్దున తొమ్మిదికి మెట్ల మీద నిలబడడానికి చోటు లేదే! మారికుప్పంలో రైలు దిగి గుంపుగా నడిచి వచ్చారు. ఒకడికి బట్టతల, ఒకతె చంకలో పిల్ల, ఒకతను మేనేజరయ్యాడట, అయినా మీ నాయన ముందు చేతులు కట్టుకునే నిలబడ్డాడు. ఆయన పాత రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నంబరు చెప్పాలి, ఎక్కడ పని చేస్తున్నారో చెప్పాలి, అప్పుడు గాని గోడ దగ్గరికి పోనివ్వలేదు. దుబాయిలో ఉన్న కొడుకు తరఫున వచ్చిన నారాయణమ్మను, మనిషే రావాలని ఆపేశాడు. ఆమె ఊరుకుంటుందా! కన్నదాన్ని నేను, నా చేతికియ్యకపోతే ఇంగెవురికిస్తావు జయరామన్నా అని రిజిస్టరు లాక్కున్నంత పని చేసింది. ఆయన ఓడిపోయి పక్కకు తప్పుకున్నాడు. విఘ్నేశ్ ఫొటోలు తీయడం మరిచిపోయి కాఫీలు అందిస్తూ తిరిగాడు.

ఆ ఒక్క రోజే నూట నలభై మూడు బిళ్లలు దిగాయి. గోడ మీద వరసగా మేకులు బయటపడుతుంటే, ఖాళీ గోడ ఇంత అందంగా ఉంటుందని మొదటిసారి తెలిసింది. కింద నుంచి మా నాన్న కూడా వచ్చి చూశాడు. నిండిన గోడలు మాత్రమే తెలిసిన మనిషి, బాగుందమ్మా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మిగిలిన వాళ్లకు మీ నాయన రిజిస్టరు చూసి ఒక్కొక్కరికే ఫోను చేసి, పనిలో ఉన్నారని రూఢి చేసుకుని, వాళ్ల వాళ్లెవరినైనా రప్పించి దింపించాడు. మొన్నటికి మూడు వందలూ దిగాయి. పాత చెక్క బోర్డును లోపలి గదిలోనుంచి తెచ్చి దాని చోట పెట్టాం.

ఆ ఆదివారం ఇంకొక సంగతి జరిగింది. దీపశ్రీ వచ్చింది. ఆండర్సన్‌పేట అమ్మాయి, సన్నగా ఉంటుంది, నీ క్లాసులో ముందు వరసలో కూర్చునేది. కొత్త గోడ వంక చూడలేదు, లోపలి గదిలో పాత బోర్డు దగ్గరికి పోయి నిలబడింది. వెతికి వెతికి, నాది యాడ మేడమ్ అని అడిగింది. రెండేళ్ల కిందట ప్రాక్టీసుకని వచ్చినప్పుడే తన మేకు ఖాళీగా కనబడిందట. నన్ను తీసేసినారనుకున్నాను మేడమ్, ఎట్ల అడిగేదని గమ్మున పోయినాను అంది. అప్పటినుంచి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి పోతోందట. పోయిన పదకొండులో ఒకటి ఆ పిల్లది.

ఆ సాయంత్రమే పదకొండు బిళ్లలూ బోర్డెక్కాయి. ఆ పదకొండు మందికీ కబురు చేశాం. నలుగురికి ఈ రెండేళ్లలో వేరే చోట్ల పని దొరికిందట, వచ్చి సంతోషంగా దింపుకున్నారు. దీపశ్రీ సాయంత్రాలు వస్తోంది. మన టమోటా మండీ ప్రోగ్రాము కొత్తగా రాసే పని ఆ పిల్లకే ఇచ్చాను. మరిచిపోయిందనుకున్నాను గాని, తప్పు ఎక్కడుందో నాకంటే ముందు పట్టేస్తోంది.

పోయిన వారం పాత ఫ్లెక్సులు తీసేసి కొత్తవి కట్టాం. ఈసారి విఘ్నేశ్ ల్యాప్‌టాప్ తెరవలేదు, మీ నాయన చెప్పింది రాసుకున్నాడు. పాత చెక్క బోర్డు ఫొటో ఉన్నదున్నట్టు. కింద ఇంతే: 'ఇంకా ఇరవై ఆరు మంది పైకి రావాలి. వాళ్లు వచ్చేదాకా మేము తలుపు మూయం.' ఉద్యోగం రానివాళ్లెంతమందో ప్రచారంలో చెప్పుకునే సంస్థ ఎక్కడైనా ఉంటుందా అని మా తమ్ముడు తల పట్టుకున్నాడు. వారం తిరక్కుండా రెండు బ్యాచులు నిండాయి. మునిశామప్ప తన మనవరాలిని స్వయంగా వెంటబెట్టుకొచ్చి చేర్పించాడు, ఈసారి నీళ్లు తాగాడు, కాఫీ కూడా తాగాడు. వసంత్ వాళ్ల కంపెనీ నుంచి చిన్న పనొకటి మనకు ఇప్పించాడు, ఆరుగురు పిల్లలకు సరిపోయే పని. కొత్తగా చేరినవాళ్లవి కాక, ఆ ఇరవై ఆరులో ఇవాళ్టికి బోర్డు మీద ఇరవై మూడే ఉన్నాయి.

పేరు సంగతి చెప్పలేదు కదూ. వినోరా పోయింది. ఇన్నేళ్లూ మనం ఏ పేరు పెట్టుకున్నా ఊళ్లో అందరూ బిళ్లల సెంటరనే పిలిచారు, ఆటోవాళ్లకు అదే తెలుసు. నేను నెలన్నర వెతికిన పేరు ఊరోళ్లు ఇరవై ఏళ్లుగా పిలుస్తానే ఉండారు మేడమ్ అని విఘ్నేశే ఒప్పుకున్నాడు. మునిశంకర్ రేకు మీద రాయబోయేది అదే, 'బిళ్లల సెంటర్'. మా నాన్న గడువు మాట ఎత్తడం మానేశాడు. ఈ రెండు వారాలుగా నేను కడుపునిండా తింటున్నాను, మా తమ్ముడి వంటను కూడా మెచ్చుకుంటున్నాను. ఇంత తేలికగా ఎప్పుడున్నానో గుర్తు లేదు.

పుణె నుంచి ఈ నెలాఖరుకు వస్తావని మీ నాయన చెప్పాడు. మళ్లీ ఆయుధపూజ వస్తోంది, చింతపండు ఇప్పుడే నానబెట్టేలా ఉన్నాడు. నీ జవాబు కోసం మునిశంకర్‌ను ఆపి ఉంచాను. కుదిరితే ఉత్తరం రాయి, కోపమైతే ఫోను చేసి తిట్టు.

నీ పక్క కుర్చీ ఇంకా ఎవరికీ ఇవ్వని,
వినుత

తా.క. కవరు అంటించి మళ్లీ చించాను. ఆఖర్న రాస్తానన్నది రాయకుండానే సంతకం పెట్టేశాను, చూశావా? ఇదీ నా బుద్ధి.

ఆ పదకొండు బిళ్లలు దొరకలేదు నాగరత్నా, ఎందుకంటే అవి అసలు పోలేదు. నేనే తీశాను. ఆ మధ్యాహ్నం కంపెనీ వాళ్లు వస్తున్నారు. నలభై ఒక్క బిళ్లలు వేలాడుతుంటే, ఇంతమందికి ఉద్యోగాల్లేవా అని అడుగుతారని భయమేసింది. మీ నాయన కిందికి టీకి వెళ్లినప్పుడు పదకొండు తీసి, అంగట్లో కొర్రల డబ్బా అడుగున వేశాను. మూలన ఆయన వేసిన నలభై ఒకటి అంకెను కొంగుతో తుడిచాను. వాళ్లు వెళ్లగానే తగిలిద్దామనుకున్నాను. వాళ్లను మెట్ల దాకా సాగనంపి వచ్చేసరికి మీ నాయన లెక్క మొదలుపెట్టేశాడు. అంతలో నువ్వు వచ్చావు. నీ ముందు దొంగనవడం కంటే ఆయన్ని మతిమరుపువాణ్ని చేయడమే నాకు సులువైంది. ఆ కంపెనీ పని కూడా రాలేదు.

దీపశ్రీ నాది యాడ అని అడిగిన రోజు, మధ్యాహ్నం అందరూ వెళ్లాక, కొర్రల డబ్బా తెచ్చి మీ నాయన ముందు బోర్లించి అంతా చెప్పాను. ఆయన బిళ్లలకంటిన కొర్రలు ఊదుకుంటూ, తెల్సమ్మా అన్నాడు. పొద్దున నేనే నలభై ఒకటి వేసినాను గదా, సుద్ద దానంతకది చెరిగిపోతుందా అన్నాడు. మరి తల ఎందుకు వంచావప్పా, రెండేళ్లు ఎందుకు నోరు విప్పలేదప్పా అని ఏడ్చాను. నేను చెప్పింటే మీరిద్దురూ ఇంగ జన్మలో మాట్లాడుకోరని అనుకొంటినమ్మా, రెండు దినాల్లో నువ్వే చెప్తావనుకొంటిని, అది చూస్తే రెండేండ్లయింది అన్నాడు. తర్వాత చొక్కా జేబులోనుంచి రెండో నంబరు బిళ్ల తీశాడు. నీ బిళ్ల నేను దింపకూడదు గదమ్మా, నువ్వే పైకి రావాల, అందుకే మేకు పీకకుండా పెట్టుకోనుంటిని అన్నాడు. దాన్ని బోర్డుకు తగిలించి, దింపుకో అన్నాడు.

నా చేత్తో దింపుకున్నాను. నాగరత్నకు నువ్వు చెప్పప్పా అని బతిమాలితే, దానికి నువ్వే చెప్పల్ల అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. ఆ సాయంత్రం ఆయన బిళ్లలు లెక్కబెట్టి, మూలన ముప్పై అని వేసి, రెండేళ్ల తర్వాత తన చేత్తో తాళం వేశాడు.

అంతా చదివావు కదా. ఇప్పుడు చెప్పు, నీ పేరు రాయించనా?